హాజరుపట్టీ పిలుపు



సంక్రాంతికి నాలుగు రోజులు అటూ ఇటూగా ప్రొద్దుటూరులో బస్సెక్కి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందుల దాకా పోయి చూడండి. దారిలో తగిలే ఉన్నత పాఠశాలల్లో ఏదో ఒకదాని గేటుకు ఫ్లెక్సీ కట్టి కనిపిస్తుంది. పెద్దక్షరాల్లో ‘పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం’ అని ఉంటుంది. దాని కింద పదో తరగతి చదివిన సంవత్సరం, ఒక మూలన రంగు వెలిసిన పాత గ్రూప్ ఫొటో. లోపల షామియానా కింద నలభై దాటినవాళ్ళు, యాభై దాటినవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి, “యాడుండావురా ఇన్నాళ్ళూ?” అని అడుగుతుంటారు.

ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది విశ్వవిద్యాలయాలకు పాత విద్యార్థులు తిరిగి వచ్చే ఆచారం గురించి. మరి హైస్కూలు గేటు దగ్గర ఎందుకు మొదలుపెట్టానంటే, మన ప్రాంతంలో ఆ ఆచారానికి వేరు అక్కడే ఉంది. మన విశ్వవిద్యాలయాలు కొత్తవి. తమ పిల్లల్ని వెనక్కి పిలుచుకునే పద్ధతిని అవి ఇప్పుడిప్పుడే దిద్దుకుంటున్నాయి. ఈ సమయంలో అవి దూరదేశాల వైపు చూసేకంటే, పక్క ఊళ్ళోని హైస్కూలు వైపు చూస్తే ఎక్కువ నేర్చుకుంటాయని నా గట్టి నమ్మకం. అట్లా ఎందుకంటున్నానో చెబుతాను.

ముందు దూరదేశం సంగతి కొంచెం. అమెరికాలో ఈ పండగ ఫుట్‌బాల్ మైదానంలో పుట్టింది. మొదలుపెట్టింది మేమంటే మేమని అక్కడి విశ్వవిద్యాలయాలు వాదించుకుంటాయి. టెక్సాస్‌లోని బేలర్ 1909 అంటుంది, ఇల్లినాయ్ 1910 అంటుంది. అందరి నోటా ఎక్కువగా వినిపించే పేరు మిస్సోరి. మిస్సోరి, కాన్సస్ జట్ల పోటీ అంతకుముందు కాన్సస్ సిటీ అనే నగరంలో జరిగేది. ఇకమీద ఆటలు కళాశాలల ఆవరణల్లోనే ఆడాలని వాళ్ళ లీగు నియమం పెట్టడంతో 1911లో ఆ పోటీ విశ్వవిద్యాలయం ఉన్న కొలంబియా అనే చిన్న ఊరికి వచ్చింది. అంత చిన్న ఊరికి జనం ఎట్లా వస్తారు? అక్కడ క్రీడల బాధ్యత చూసే చెస్టర్ బ్రూయర్ పాత విద్యార్థులందరికీ ‘ఇంటికి రండి’ అని కబురు పెట్టాడు. తొమ్మిది వేల మందికి పైగా వచ్చారు. ఆట మూడు–మూడుతో సమంగా ముగిసింది. గెలుపెవరిదీ కాలేదు గాని, ఏటేటా తిరిగి రావడం మాత్రం నిలబడిపోయింది. తర్వాత తర్వాత ఊరేగింపులు, రాజును రాణిని ఎన్నుకోవడాలు దానికి తోడైనాయి.

అదే 1911లో మన కడప జిల్లాలో డిగ్రీ ఇచ్చే కళాశాల ఒక్కటీ లేదు. పిల్లవాడు పైచదువు చదవాలంటే మద్రాసు రైలెక్కాల్సిందే. ప్రొద్దుటూరువాళ్ళు, జమ్మలమడుగువాళ్ళు ఎర్రగుంట్ల స్టేషనుకు చేరాలి. పులివెందులవాళ్ళు ముద్దనూరుకు చేరాలి. ఈ మాట ఏదో తాతలనాటిదని అనుకోవద్దు. ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా నంద్యాలకు పోయే రైలుమార్గం మొదలైంది 2016లో. బంగారు వ్యాపారానికి అంత పేరున్న ప్రొద్దుటూరు అప్పటిదాకా రైలు కూత వినలేదు. ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, అమ్మ కట్టిచ్చిన సద్దిమూట పట్టుకొని బండి మీదో బస్సు మీదో ఎర్రగుంట్లకు చేరి, అక్కడ రైలు కోసం కాచుకోవడం తరాల తరబడి మన పిల్లల చదువులో ఒక భాగం.

1915లో మదనపల్లెలో అనిబిసెంటు దివ్యజ్ఞాన కళాశాల పెట్టించింది. అంతకు నాలుగేళ్ళ ముందు వరకూ మదనపల్లె కడప జిల్లాలోదే. చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయింది. మరుసటి ఏడు, 1916లో, అనంతపురంలో దత్తమండల కళాశాల మొదలైంది. ఆ కళాశాల తొలినాళ్ళలో పాఠం చెప్పినవారిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఒకరు. తర్వాత అక్కడ చదివిన పిల్లల్లో నీలం సంజీవరెడ్డి ఒకరు. ఒక గురువు, ఒక శిష్యుడు, ఇద్దరూ రాష్ట్రపతులైన కళాశాల అది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు మన రాయలసీమ కళాశాలలు దాని కిందికి పోయినాయి. అక్కడ ఇమడలేక కొద్దికాలానికే మద్రాసు విశ్వవిద్యాలయానికి తిరిగి వచ్చేసినాయి. 1937 నవంబరులో కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలని రాసుకున్నారు. సీమవాసులకు చదువుల విషయంలో ఎంత ఆకలి ఉండేదో ఆ ఒక్క షరతు చెబుతుంది. చివరకు 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. ఆచార్య గోవిందరాజులు నాయుడు మొదటి ఉపాధ్యక్షులు. కడపలో ఆ విశ్వవిద్యాలయం స్నాతకోత్తర కేంద్రం 1977లో మొదలైంది. ఆ కేంద్రమే పెరిగి 2006 మార్చిలో యోగి వేమన విశ్వవిద్యాలయం అయింది. ఆచార్య అర్జుల రామచంద్రారెడ్డి తొలి ఉపాధ్యక్షులు.

ఇన్ని సంవత్సరాలు ఎందుకు ఏకరువు పెట్టానంటే, ఈ లెక్కలోనే అసలు సంగతి ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టింది 1857లో. కడప జిల్లాకు తనదంటూ ఒక విశ్వవిద్యాలయం రావడానికి అక్కణ్ణుంచి దాదాపు నూటయాభై ఏళ్ళు పట్టింది. అన్నేళ్ళూ మన విద్యార్థి తిరిగి రావడమంటే, దసరాకో సంక్రాంతికో ఎండాకాలం సెలవులకో ఊరికి రావడమే. విశ్వవిద్యాలయానికి తిరిగి పోవడమన్నది వాడి ఊహలో లేదు. పోతే ఎవరున్నారక్కడ? తిరుపతిలో హాస్టలు గదిని పంచుకున్నవాడు నెల్లూరువాడో, అనంతపురంవాడో. చదువైపోయినాక ఎవరి దారి వారిది.

మరి వాడి మనసు ఎక్కడికి తిరిగి పోవాలని కొట్టుకునేది? పదో తరగతి దగ్గరికి. ఎందుకంటే ఊళ్ళో పిల్లలందరూ ఒకే కప్పు కింద కూర్చున్న చివరి చోటు అదే. రెడ్డిగారి కొడుకు, చాకలి సుబ్బన్న కొడుకు అంటూ ఊరు ఎన్ని రకాలుగా విడదీసినా, బెంచీ మీద భుజాలు తగులుతూ కూర్చున్నారు. ఆ మార్చి నెల పరీక్షలు అయిపోయినాక ఆ గుంపు మళ్ళీ ఎన్నడూ కూడలేదు. ఒకడు ఇంటర్‌కు పోయినాడు. ఒకడు మగ్గం గుంతలో దిగినాడు. ఒకడు బంగారు అంగట్లో పనికి కుదిరినాడు. ఒకడు నాపరాళ్ళ గనికి, ఒకడు చీనితోటకు, ఇంకొకడు కువైట్‌కు. ఆడపిల్లల్లో చాలామందికి ఆ ఎండాకాలంలోనే పెళ్ళి. అందుకే మన ప్రాంతంలో ‘మా బ్యాచ్’ అంటే పదో తరగతి బ్యాచే.

ఈ సమ్మేళనాలు ఇంత విరివిగా జరగడం మొదలై మరీ ఎక్కువ కాలం కాలేదు. సెల్‌ఫోను, ఆ వెనక వాట్సాప్ వచ్చినాకే ఊపందుకున్నాయి. కానీ గురువు, శిష్యుడు, పండగ, ఈ మూడింటినీ ముడివేసే ఆచారం మనకు పాతదే. వీధిబడుల కాలంలో దసరాకు అయ్యవారు పిల్లల్ని వెంటబెట్టుకొని ఇంటింటికీ వచ్చేవారు. పిల్లల చేతుల్లో పూలు కట్టిన విల్లంబులు ఉండేవి. వాళ్ళు దసరా పద్యాలు పాడేవారు. ఇంటివాళ్ళు అయ్యవారికి తాంబూలంలో డబ్బులు పెట్టి, పిల్లలకు పప్పుబెల్లాలు పంచేవారు. ఆ ఇంటి యజమాని కూడా ఒకప్పుడు అదే అయ్యవారి ముందు ఇసకలో అక్షరాలు దిద్దినవాడే అయ్యుండేవాడు. అప్పుడు బడే పాత విద్యార్థి గడపకు నడిచి వచ్చేది. ఇప్పుడు పాత విద్యార్థి బడి గడపకు నడిచి వస్తున్నాడు. మధ్యలో జీతాలూ ప్రభుత్వ బడులూ వచ్చి ఆ పాట ఆగిపోయింది గాని, పండగ పూట గురువును తలచుకోవాలన్న అలవాటు పోలేదు.

ప్రొద్దుటూరులో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. ఆ ఊరి దసరాకు రెండో మైసూరు అని పేరు. అమ్మవారిశాలలో నవరాత్రులు, విజయదశమినాటి తొట్టి మెరవణి చూడటానికి బెంగళూరులో, హైదరాబాదులో, ఇంకా దూరంలో స్థిరపడినవాళ్ళు ఊరికి చేరుతారు. మనుషులు ఎటూ వచ్చి ఉంటారు కాబట్టి ఆ వారంలోనే ఒక పూట బడి దగ్గర కలుసుకుందామనుకుంటారు. ఇంకొక మాట కూడా ఉంది. ‘శివభారతం’ రాసిన గడియారం వేంకటశేషశాస్త్రి, ‘శివతాండవం’ రాసిన పుట్టపర్తి నారాయణాచార్యులు పిల్లలకు తెలుగు పాఠం చెప్పిన ఊరు అది. ‘మాకు ఫలానా ఆయన పాఠం చెప్పినాడు’ అని చెప్పుకోవడాన్ని ఒక ఆస్తిగా దాచుకున్న ఊరికి, అయ్యవార్లను వెతుక్కుంటూ పోవడం కొత్తగా నేర్పాల్సిన పని కాదు.

ఇప్పుడు ఒక సమ్మేళనం ఎట్లా తయారవుతుందో చెబుతాను. ఎవరో ఒకరికి పుడుతుంది ఆలోచన. ఎక్కువసార్లు ఊళ్ళోనే మిగిలిపోయినవాడికే పుడుతుంది. ఇది నేను చాలాచోట్ల గమనించాను. బడి ముందు నుంచి రోజూ పోయేది వాడే గదా. వాడు నలుగురిని పోగేస్తాడు, గ్రూపు మొదలవుతుంది. ఒకరి దగ్గర ఇంకొకరి నంబరు దొరుకుతుంది. వారం తిరిగేలోపల ముప్పైమంది అవుతారు. అక్కడ ఆగిపోతుంది. మిగిలినవాళ్ళు ఎవరు? అప్పుడు హెడ్మాస్టరు దగ్గరికి పోయి ఆ ఏటి హాజరుపట్టీ చూడనివ్వమని అడుగుతారు. చెద తినకుండా మిగిలి ఉంటే అదృష్టమే. పేజీ తిప్పగానే పేర్లు వరసగా ముఖాలై లేచి నిలబడతాయి.

హాజరుపట్టీ అనే మాట దగ్గర కాసేపు ఆగుతాను. నేనీ ప్రసంగంలో చెప్పదలచుకున్నదంతా ఆ పుస్తకంలోనే ఉంది. హాజరుపట్టీలో పాసైనవాళ్ళ పేర్లూ ఉంటాయి, ఫెయిలైనవాళ్ళ పేర్లూ ఉంటాయి. అర్ధ సంవత్సరం పరీక్షలకు ముందే బడి మానేసి గొర్లు తోలుకొని పోయినవాడి పేరు కూడా, గీత కొట్టేసి ఉన్నా, చదవడానికి వీలుగానే ఉంటుంది. సమ్మేళనానికి ఎవరిని పిలవాలో ఆ పుస్తకం తేలుస్తుంది. మార్కుల జాబితా తేల్చదు. పది తప్పినవాడు మొదట రానంటాడు. “నేనెందుకులే రా, నేను పాసు కాలేదు గదా” అంటాడు. “నువ్వు రాకపోతే బ్యాచే కాదురా” అని ఇద్దరు ముగ్గురు ఇంటికి పోయి కూర్చుంటారు. భార్య ముందు, పిల్లల ముందు వాడికి దక్కే ఆ మర్యాద చిన్నదేం కాదు. కొన్ని బ్యాచ్‌లు ఈ పని చెయ్యవు. ఉద్యోగస్థులు మాత్రం కూడి, ఫొటో దిగి, పోతారు. ఆ సమ్మేళనాల్లో ఏదో వెలితి ఉంటుంది. వచ్చినవాళ్ళకే అది తెలుస్తుంది.

ఆడపిల్లల్ని వెతకడం అన్నిటికంటే కష్టం. మగపిల్లల ఇంటిపేర్లూ ఊర్లూ అట్లాగే ఉంటాయి. ఆమెను ఏ ఊరికి ఇచ్చినారో ఎవరికి తెలుసు? తమ్ముణ్ణి పట్టుకోవాలి, తమ్ముడు దొరక్కపోతే పిన్నమ్మ కూతురిని. “మైలవరం పక్కన ఏదో పల్లెకు ఇచ్చినారంట” అన్న ఒక్క మాట పట్టుకొని మోటారు సైకిల్ మీద ఊర్లు తిరిగినవాళ్ళున్నారు. తీరా ఇల్లు దొరికినాక, గడప బయట నిలబడి ఆమె భర్తకు, అత్తకు సంగతి చెప్పాలి. అందుకే తెలివైనవాళ్ళు ఆ పనికి ఆడవాళ్ళనే తోడు తీసుకొని పోతారు. అప్పట్లో తరగతిలో మగపిల్లలు ఒకవైపు, ఆడపిల్లలు ఒకవైపు. ఐదేళ్ళు ఒకే గదిలో కూర్చొని ఒక్క మాట మాట్లాడుకోనివాళ్ళు కూడా ఉన్నారు. ఇప్పుడు తలలు నెరిసినాక, “ఏమ్మే, బాగుండావా? పిల్లలెంతమంది?” అని పలకరించుకుంటారు. హాల్‌టికెట్ తీసుకున్న రోజు తర్వాత ఆ బడి ఆవరణలో ఆమె అడుగు పెట్టడం అదే మొదటిసారి. పెళ్ళయినాక ఊరు ఆమెను ఫలానావారి భార్య అంటుంది, ఫలానావాడి తల్లి అంటుంది. ఆ పూట మాత్రం పట్టీలో ఉన్న పూర్తి పేరుతో పిలుస్తారు. మైకు ఇస్తే ఒక్క మాట మాట్లాడలేక కళ్ళు తుడుచుకొని కూర్చునేవాళ్ళను చూస్తే, ఈ సమ్మేళనాలు ఆడవాళ్ళకు మగవాళ్ళకంటే ఎంతో ఎక్కువని అర్థమవుతుంది.

తేదీ కుదర్చడం ఇంకొక పెద్ద పని. కువైట్‌లో ఉన్నవాడికి సెలవు ఎప్పుడు దొరుకుతుందో చూడాలి. అమెరికాలో ఉన్నవాడు డిసెంబరులో అయితే వస్తానంటాడు. శనగపంట కోతకు వచ్చే రోజుల్లో పెడితే రైతులు రాలేరు. ఇన్నిటి మధ్యా సంక్రాంతి కుదురుతుంది, లేదంటే ఎండాకాలంలో ఒక ఆదివారం. చందాల విషయంలో మంచి పద్ధతి ఒకటి చాలాచోట్ల పాటిస్తారు. ఉన్నవాడు ఎక్కువ ఇస్తాడు, లేనివాడు ఇవ్వడు. ఎవరెంత ఇచ్చిందీ లెక్క చూసే ఇద్దరికి తప్ప బయటికి తెలియనియ్యరు.

ఆ రోజు పొద్దున ఉగ్గాని బజ్జీలతోనో, కారం దోసెలతోనో మొదలవుతుంది. తర్వాత బడి గంట కొట్టిస్తారు. బతికి ఉంటే ఆనాటి అటెండరు చేతనే కొట్టిస్తారు. వరసల్లో నిలబడి ‘మా తెలుగు తల్లికి’ పాడతారు. ప్రతిజ్ఞ చేస్తారు. దేశమంతా బడిపిల్లలు చెప్పే ఆ ప్రతిజ్ఞను 1962లో రాసింది మన తెలుగువాడే, పైడిమర్రి వెంకట సుబ్బారావు. సగంలో మాటలు మరిచిపోయి, పక్కవాడి గొంతు అందుకొని మళ్ళీ పూర్తిచేస్తారు. ఆ తర్వాత అందరూ తమ తరగతి గదిలో తమ పాత బెంచీల్లో కూర్చుంటే, అప్పటి క్లాస్ టీచరు హాజరు పిలుస్తారు. ఆయనకు ఎనభై ఏళ్ళు ఉండవచ్చు, చెయ్యి వణకవచ్చు, కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకోవచ్చు. పేరు పిలిస్తే, ఎంత పెద్ద ఉద్యోగంలో ఉన్నవాడైనా లేచి నిలబడి “ప్రెజెంట్ సార్” అంటాడు. నడుమ కొన్ని పేర్లకు జవాబు రాదు. తెలిసినవాళ్ళు మెల్లగా “లేడు సార్” అంటారు. అయ్యవారు ఒక్క క్షణం ఆగి, తర్వాతి పేరుకు పోతారు. ఆ పేర్లన్నిటికీ కలిపి రెండు నిమిషాలు మౌనంగా నిలబడతారు. చనిపోయిన మిత్రుడి భార్యనో కొడుకునో పిలిచి కూర్చోబెట్టుకునే బ్యాచ్‌లూ ఉన్నాయి. ఆ పిల్లవాడికి తన తండ్రి చిన్నప్పటి సంగతులు చెప్పేవాళ్ళు ఇంకెక్కడ దొరుకుతారు?

తర్వాత శాలువాలు, దండలు, కాళ్ళకు దండాలు. మధ్యాహ్నం రాగిసంగటి, నాటుకోడి పులుసు, ఓళిగలు. భోజనాలైనాక బడికి ఏదైనా ఇచ్చిపోతారు. బెంచీలు, ఫ్యాన్లు, మంచినీళ్ళ యంత్రం, గ్రంథాలయానికి పుస్తకాలు. చివరికి పాత ఫొటోలో ఎవరు ఎక్కడ నిలబడినారో అట్లాగే నిలబడి మళ్ళీ ఒక ఫొటో దిగుతారు. ఆ వరసలో చనిపోయినవాడి చోటు ఖాళీగా వదిలి దిగినవాళ్ళూ ఉన్నారు.

మరి బడే లేకుండా పోయినవాళ్ళ సంగతేమిటి? జమ్మలమడుగు వైపు ఈ ప్రశ్న ఉత్తుత్తిది కాదు. గండికోట జలాశయం నిండితే 26.85 టీఎంసీల నీళ్ళు పడతాయి. ఆ నీళ్ళ కింద కొండాపురం మండలంలో ఊళ్ళకు ఊళ్ళే పోయినాయి. తాళ్ళప్రొద్దుటూరు పెద్ద ఊరు. 2020లో నీళ్ళు పైకి నిలుపుతూ పోయినప్పుడు అక్కడి జనం కళ్ళ ముందే ఇండ్లు ఖాళీ చేసినారు. సీమకు నీళ్ళు కావాలి, అందులో రెండో మాట లేదు. తరతరాలుగా కరువు చూసినవాళ్ళం. కానీ ఆ నీళ్ళకు ఊళ్ళు ఇచ్చినవాళ్ళు ఏమేమి ఇచ్చినారో ఎకరాల్లో, ఇండ్ల లెక్కల్లో మాత్రమే కొలుస్తున్నాం. వాళ్ళు తమ పిల్లలకు చూపించుకోవలసిన బడిని కూడా ఇచ్చినారు. గంట వేలాడిన చెట్టు, కబడ్డీ ఆడిన మైదానం, అన్నీ పోయినాయి. పునరావాస కాలనీలు వేర్వేరు చోట్ల ఉండటంతో ఒక తరగతి పిల్లలు నాలుగు చోట్లకు చెదిరినారు. ఇట్లాంటివాళ్ళు కలుసుకోవాలంటే కల్యాణ మండపమే దిక్కు. వాళ్ళ పాత హాజరుపట్టీలు, అడ్మిషన్ రిజిస్టర్లు ఎక్కడ ఉన్నాయో, ఏ స్థితిలో ఉన్నాయో విద్యాశాఖ వెతికి, ఒక్కచోట భద్రపరిస్తే ఎంతో మేలు. ఊరు మునిగినా, ఆ ఊళ్ళో ఎవరెవరు కలిసి చదువుకున్నారో చెప్పే కాగితం మిగులుతుంది.

ఇక విశ్వవిద్యాలయాల దగ్గరికి వస్తాను. 2006లో పుట్టిన యోగి వేమన విశ్వవిద్యాలయం వేమనపురంలో, కడప నుంచి పులివెందులకు పోయే దారిలో ఉంది. ప్రొద్దుటూరులో దాని ఇంజనీరింగ్ కళాశాల ఉంది. పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల కూడా 2006లో వచ్చిందే. వేంపల్లె మండలం ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ 2008లో మొదలైంది. వీటి పాత విద్యార్థుల్లో పెద్దవాళ్ళకు ఇప్పుడిప్పుడే ముప్పై, నలభై ఏళ్ళు. పిల్లల్ని చంకనేసుకొని కాలేజీ చూపించడానికి వచ్చే వయసు. అంటే, ఆచారాలు ఏర్పడే సమయం సరిగ్గా ఇదే.

ఇప్పటివరకు విశ్వవిద్యాలయాల్లో పూర్వ విద్యార్థుల సమావేశాలు ఎక్కువగా న్యాక్ కోసం జరుగుతున్నాయి. న్యాక్ అంటే ఉన్నత విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే జాతీయ సంస్థ, 1994లో ఏర్పడింది. అది చూసే అంశాల్లో పూర్వ విద్యార్థుల భాగస్వామ్యం ఒకటి. సంఘం రిజిస్టరు చేసినారా, వాళ్ళు ఎంత విరాళం ఇచ్చినారు, ఏమేం చేసినారు అని అడుగుతుంది. అడగడం మంచిదే. ఆ ప్రశ్న లేకపోతే చాలా కళాశాలల్లో సంఘమే ఉండేది కాదు. పాత విద్యార్థుల చేతుల్లో ఎంత శక్తి ఉందో తెలుసుకోవాలంటే గుంటూరు చూడవచ్చు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికాలో స్థిరపడిన డాక్టర్లు జింకానా అనే పేరుతో సంఘం పెట్టుకొని, గుంటూరు ప్రభుత్వాసుపత్రికి భవనాలు కట్టించినారు. ఆ ఆసుపత్రికి పోయే పేదవాడికి ఆ సమ్మేళనం ఏమి చేసిందో బాగా తెలుసు.

అయితే ఒక విషయంలో నాకు బాధ ఉంది. విశ్వవిద్యాలయం పిలుపు డిగ్రీ పట్టా ఉన్నవాళ్ళకే పోతుంది. వేదిక మీద కుర్చీ పెద్ద ఉద్యోగం ఉన్నవాళ్ళకే వేస్తారు. మన హైస్కూళ్ళలో పది తప్పినవాడి ఇంటికి పోయి బతిమాలి తెచ్చుకుంటున్నామే, ఆ మర్యాద విశ్వవిద్యాలయానికి ఎక్కేసరికి ఎందుకు ఆగిపోవాలి? ఇడుపులపాయ సంగతే చూడండి. పల్లె బడుల్లో పదో తరగతి మంచి మార్కులతో పాసైన పిల్లలు పదిహేనేళ్ళ వయసులో అక్కడికి వస్తారు. ఆరేళ్ళు హాస్టల్లోనే. ఆ ట్రిపుల్ ఐటీని నడిపే విశ్వవిద్యాలయానికి తొలి కులపతిగా ఉన్న రాజ్ రెడ్డి కూడా చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టి, శ్రీకాళహస్తి బడిలో చదివి, కంప్యూటర్ శాస్త్రంలో ప్రపంచంలోకెల్లా పెద్దదైన ట్యూరింగ్ బహుమతిని 1994లో అందుకున్నవారు. పల్లె పిల్లవాడు ఎంత దూరం పోగలడో చెప్పడానికి ఆయన చాలు. కానీ ఆరేళ్ళ దారిలో మధ్యలోనే ఆగిపోయే పిల్లలు కూడా ఉంటారు. ఇంట్లో తండ్రి పోయి ఒకడు, చదువు భారమై ఒకడు, పెళ్ళి కుదిర్చి ఒకతె. వాళ్ళు కూడా ఆ మెస్సులోనే తిన్నారు, ఆ గదుల్లోనే ఇంటి మీద బెంగతో ఏడ్చినారు. వాళ్ళను పిలవని సమ్మేళనం సగం తరగతికి హాజరు వేసి పుస్తకం మూసినట్టు ఉంటుంది.

అందుకే మన ప్రాంతంలోని ఈ సంస్థల పెద్దలకు నా విన్నపం ఇది. పూర్వ విద్యార్థుల జాబితాను పట్టాల రిజిస్టరు నుంచి కాకుండా అడ్మిషన్ రిజిస్టరు నుంచి తయారుచెయ్యండి. చేరిన ప్రతి ఒక్కరికీ కబురు పంపండి. హాస్టల్లో అన్నం వండినవాళ్ళను, రాత్రుళ్ళు గేటు కాచినవాళ్ళను, ల్యాబు తాళాలు తీసిన అటెండర్లను అధ్యాపకుల పక్కనే కూర్చోబెట్టండి. విరాళాల మాట ఆ రోజు మైకులో ఎత్తవద్దు. దానికి వేరే రోజు పెట్టుకోవచ్చు. ఇచ్చేవాడు ఎట్లాగూ ఇస్తాడు, ఇవ్వలేనివాడు తల దించుకోకుండా ఉంటాడు. తేదీని ఏటా ఒకటే ఉంచండి, సంక్రాంతి ముందు ఆదివారమో, ఇంకొకటో. కువైట్‌లో ఉన్నవాడు సెలవు ముందే అడుక్కోగలుగుతాడు. మరొకటి, పాత విద్యార్థులతో పాటు పక్క ఊళ్ళ హైస్కూలు పిల్లల్ని కూడా ఆ రోజు లోపలికి రానివ్వండి. తమ ఊరి అక్కలూ అన్నలూ ఎక్కడ చదివినారో వాళ్ళు చూడాలి.

వింటున్న శ్రోతలకు కూడా ఒక పని చెబుతాను. మీ ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున పదో తరగతిదో, కాలేజీదో గ్రూప్ ఫొటో ఉంటే ఈ వారంలోనే బయటికి తియ్యండి. గుర్తున్నంతవరకు ఎవరెవరో పేర్లు ఒక కాగితం మీద వరస ప్రకారం రాయండి. గుర్తులేని ముఖాల దగ్గర ఖాళీ ఉంచి, తెలిసినవాళ్ళకు ఫోన్ చేసి నింపండి. ఇంటిపేర్లు, ఆడపిల్లల పుట్టింటి ఊర్లు కూడా రాయండి. ఒక నకలు మీ దగ్గర పెట్టుకొని, ఇంకొకటి మీరు చదివిన బడి హెడ్మాస్టరుకు ఇచ్చి రండి. రాబోయే సంక్రాంతికి మీ పిల్లవాడి బ్యాచ్‌కో, మీ చెల్లెలి బ్యాచ్‌కో అది పనికొస్తుంది.